తెలియదని చెప్పగలిగే మేనేజర్ కావాలి

"ప్రస్తుతానికి అలాంటి ఆలోచనేదీ లేదు." బెంగళూరు ఐటీ కంపెనీల టౌన్‌హాల్ మీటింగుల్లో తరచూ వినిపించే మాట ఇది. ఎవరో ఒకరు ధైర్యం చేసి, ఉద్యోగాల కోత ఉంటుందా అని అడుగుతారు. వేదిక మీదున్న పెద్దమనిషి ఈ ముక్క చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. మీటింగ్ ముగిసేలోపే మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు వేడెక్కుతాయి. ఏ ప్రాజెక్టు మూతపడుతోంది, ఏ క్లయింట్ వెళ్లిపోతున్నాడు, లిస్టులో ఎవరి పేర్లున్నాయి? ఆ రాత్రి చాలామంది రెజ్యూమే తెరుస్తారు.

పైనున్నవాళ్లు చెప్పింది అబద్ధమే అనడం లేదు. చాలాసార్లు వాళ్లకూ తెలియదు. కానీ తెలియనప్పుడు ఆ తెలియకపోవడాన్ని ఎలా చెప్పాలన్నది మన కార్యాలయాల్లో ఎవరూ నేర్పని విద్య. అనిశ్చిత కాలంలో నాయకత్వం అంటే ప్రధానంగా ఈ విద్యేనని నా నమ్మకం. ఏది ఖాయమైందో, ఏది ఇంకా తేలలేదో, ఆ తేలనిది ఏ తారీఖుకు తేలుతుందో విడివిడిగా చెప్పాలి. చెడు కబురును తట్టుకునే శక్తి మనుషులకు ఉంది. కబురే రాకపోతే లోలోపల నలిగిపోతారు.

దీనికి ప్రయోగ ఆధారం కూడా ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. రాయి కింద పాముందో లేదో ఊహించాలి. పాముంటే చేతికి చిన్నపాటి కరెంటు షాక్ తగులుతుంది. ఆటలో అవకాశాలు మారుతూ ఉంటాయి. చెమట పట్టడాన్ని, కంటిపాప విప్పారడాన్ని బట్టి ఆందోళనను కొలిచారు. షాక్ తప్పదని ఖాయంగా తెలిసినప్పటి కంటే, తగిలే అవకాశం సగం సగంగా ఉన్నప్పుడే ఆందోళన ఎక్కువగా కనిపించింది. ఈ సగం సగం స్థితిలో నెలల తరబడి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఈ నగరంలో ఎందరో.

2025 సెప్టెంబరు 19 శుక్రవారం గుర్తుందా? అక్కడ ఉద్యోగం చేయడానికి కావాల్సిన హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అంటూ అమెరికా అధ్యక్షుడు ప్రకటన చేశారు. ఎవరికి వర్తిస్తుందో స్పష్టత లేదు. శనివారం అర్ధరాత్రిలోపు అమెరికాలో ఉండాలని కొన్ని కంపెనీలు ఉద్యోగులకు మెయిళ్లు పంపాయి. సెలవు మీద ఇండియాకు వచ్చినవాళ్లు పెట్టెలు సర్దుకున్నారు. మరునాడు వివరణ వచ్చింది: ఇది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు. ఆ ఒక్క వాక్యం ముందు రోజే ఉండి ఉంటే ఎన్ని విమానం టికెట్లు, ఎన్ని ఇళ్లలో కన్నీళ్లు మిగిలేవో!

బెంగళూరులో భయానికి కారణాలు లేవని కాదు. టీసీఎస్ 2025 జూన్ నుంచి ఏడాదికి 225 రోజులు బిల్లింగ్‌లో, అంటే క్లయింట్ డబ్బు చెల్లించే పనిలో ఉండాలని, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద 35 రోజులు దాటకూడదని నిబంధన పెట్టింది. జూలైలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయి ఉద్యోగులు. 2022లో ఆఫర్ లెటర్ అందుకున్న ఫ్రెషర్లలో కొందరు జాయినింగ్ తేదీ కోసం రెండేళ్ల పైనే ఎదురుచూశారు. అదే ఏడాది నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. కోడ్ రాసే పనిలో ఎంత భాగం మనిషికి మిగులుతుందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఇలాంటప్పుడు "మార్పును ప్రేమించండి" అంటూ వేదికలెక్కి ఉపన్యసించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఇరవై ఏళ్ల జీతం వెనకేసుకున్న వైస్ ప్రెసిడెంట్‌కూ, బీటీఎం లేఔట్ పీజీలో ముగ్గురితో గది పంచుకుంటూ నాన్న చేసిన అప్పు తీరుస్తున్న కదిరి కుర్రాడికీ మార్పు ఒకటే ఎలా అవుతుంది?

అలాగని పాతకాలం ఉద్యోగాలే భద్రం అనుకోవడమూ సరికాదు. హెచ్ఏఎల్ (1940), ఐటీఐ (1948), హెచ్ఎంటీ (1953), బీఈఎల్ (1954) లాంటి ప్రభుత్వ రంగ కర్మాగారాలు ఈ నగరానికి ఒక తరం భద్రతనిచ్చాయి. హెచ్ఎంటీ వాచీ అంటే పదో తరగతి పాసైతే మామయ్య కొనిపెట్టే బహుమతి. క్వార్ట్జ్ వాచీల కాలం వచ్చాక ఆ సంస్థ వెనకబడింది. చివరికి 2016లో కేంద్రం వాచీల విభాగాన్ని మూసివేసింది. ఆ కూలిపోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది కాబట్టి అందులో పనిచేసినవాళ్లకు సర్దుకునే వ్యవధి దొరికింది. ఇప్పుడు అంత వ్యవధి లేదు. అందుకే సమాచారం ముందుగా అందడం అప్పటికన్నా ఇప్పుడు ఎన్నో రెట్లు విలువైనది.

సంక్షోభంలో నాయకత్వానికి ఉదాహరణ కోసం మనం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన వేల కోట్ల నగదు లేనేలేదని ఆయనే అందులో ఒప్పుకున్నారు. అప్పటికి ఆ సంస్థలో సుమారు 53 వేల మంది ఉన్నారు. తెలుగునాట ఏ వీధిలో చూసినా ఒక సత్యం ఉద్యోగి ఉన్న రోజులవి. పెళ్లిచూపుల్లో ఆ పేరు చెబితే చాలు అనుకున్న ఇళ్లలో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. కేంద్రం పాత బోర్డును తొలగించి ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ మాజీ అధ్యక్షుడు కిరణ్ కర్ణిక్, హెచ్‌డీఎఫ్‌సీ ఛైర్మన్ దీపక్ పరేఖ్, న్యాయ నిపుణుడు సి. అచ్యుతన్‌లను నియమించింది. కొద్ది రోజులకే మరో ముగ్గురు చేరారు.

కంపెనీ బతుకుతుందని హామీ ఇవ్వగల స్థితి వాళ్లకు లేదు. అసలు లెక్కలేవో వాళ్లకే తెలియవు. కానీ పెద్ద ప్రశ్నను చిన్న ప్రశ్నలుగా విడగొట్టారు. ముందు జీతాలు. తర్వాత క్లయింట్లు వెళ్లిపోకుండా చూసుకోవడం. ఆ తర్వాత కొనేవాళ్ల కోసం బహిరంగ వేలం. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా వేలం గెలిచింది. అంటే లేఖ బయటపడిన వందరోజులలోపే. బాధ అంతటితో ఆగలేదు. జూన్‌లో వేల మందిని 'వర్చువల్ పూల్' పేరుతో బేసిక్ జీతం మీద ఇంటి దగ్గర ఉంచారు. అది కఠినమైన నిర్ణయం, ఎన్నో కుటుంబాలు నలిగాయి. అయినా దానికొక గడువుంది, చేతికొచ్చేది ఎంతో తెలుసు. ఆ గడువును పట్టుకుని మనుషులు తమ దారి వెతుక్కోగలిగారు.

దీనికి టీమ్ లీడ్‌లు, మేనేజర్లు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. "మా చేతుల్లో ఏముంది? పైనుంచి లిస్టు వస్తుంది, నోరు విప్పొద్దని హెచ్ఆర్ చెబుతుంది." నిజమే, మధ్యలో ఉన్నవాడి పరిస్థితి అన్నిటికన్నా ఇరుకు. కానీ నోరు విప్పకూడదన్న షరతు అబద్ధం చెప్పమన్న ఆజ్ఞ కాదు. "దీని గురించి నేను మాట్లాడకూడదు. ఇంకో అవకాశం కనిపిస్తే మాత్రం నా మాట మీద వదులుకోవద్దు" అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేనేజర్ చేయగల అతి పెద్ద అన్యాయం, నిలుపుకోగలడో లేదో తనకే తెలియని మనిషితో "నువ్వేం కంగారు పడకు, నేనున్నా" అనడం. ఆ మాట నమ్మి చేతిలో ఉన్న ఆఫర్ వదులుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. రెండు నెలలకు వాళ్ల ఐడీ కార్డు పనిచేయలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆఫీసులో, క్లయింట్ ఒప్పందం పొడిగిస్తాడో లేదో తెలియని నెలల్లో, ఒక టీమ్ లీడ్ ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు వాక్యాల మెయిల్ పంపేది. ఈ వారం తెలిసింది ఇది, తెలియనిది ఇది, మళ్లీ ఎప్పుడు చెబుతాను. కొన్ని వారాలు "కొత్తగా ఏమీ లేదు" అనే ఉండేది. అది కూడా పంపేది. ఆ మెయిల్ వస్తుందన్న నమ్మకంతో మిగతా నాలుగు రోజులూ జనం పుకార్ల వెంట పడకుండా పని చేసుకున్నారు. ఆ కాలంలోనే ఆమె కుర్రవాళ్లను క్లయింట్ కాల్స్‌లో కూర్చోబెట్టింది, పని గంటల్లోనే కొత్త టూల్స్ నేర్చుకునే సమయం ఇచ్చింది. ప్రాజెక్టు చివరికి పోయింది. కానీ క్లయింట్‌తో నేరుగా మాట్లాడిన అనుభవం వాళ్లకు తర్వాతి ఇంటర్వ్యూల్లో పనికొచ్చింది. అనిశ్చితిలో ఎదగడం అని మనం అనేది ఇలాంటి మనుషుల నీడలోనే జరుగుతుంది.

ఇక సొంత జీవితం సంగతి. బెంగళూరులోనే పుట్టిన ఒక పాఠం నాకు దీనికి బాగా సరిపోతుందనిపిస్తుంది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ దిగుతూ కూలిపోయింది. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోపుడు శక్తినిచ్చాయి, చిన్న చిన్న తేడాలు పోగయ్యాయి. దిగాల్సిన చోటేమో 500 మీటర్ల చదరం. ఆ చోటును అందుకోవాలన్న ప్రయత్నంలో వేగం పెరిగింది. చంద్రయాన్-3కి వచ్చేసరికి ఇస్రో తన ప్రశ్ననే మార్చింది. ఏమేమి చెడిపోవచ్చు, చెడినా ఎలా దిగాలి అన్న కోణంలో డిజైన్ చేశామని అప్పటి ఛైర్మన్ సోమనాథ్ వివరించారు. కాళ్లు బలపరిచారు, ఇంధనం పెంచారు, దిగే ప్రాంతాన్ని 4 కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం అది దిగింది.

మనలో చాలామంది జీవితాలను 500 మీటర్ల చదరంలోకే గురిపెట్టాం. ఒకే కంపెనీ, ఒకే నైపుణ్యం, ఇద్దరి జీతాలూ చివరి రూపాయి దాకా లెక్కేసి తీసుకున్న సర్జాపుర ఫ్లాట్ ఈఎంఐ, దానిమీద ఊళ్లో ప్లాటుకు ఇంకో లోను. జీతం కాస్త తగ్గినా ఎక్కడా దిగలేం. దిగే చోటు పెంచుకోవడం అంటే పెద్ద తత్వమేమీ కాదు. ఒక్కరి జీతంతో నడిచేలా ఈఎంఐ ఉండాలి. ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలి. అందరూ మరిచేది ఆరోగ్య బీమా. ఉద్యోగంతో పాటే కంపెనీ గ్రూపు పాలసీ పోతుంది. అమ్మానాన్నలకు షుగరో, గుండెజబ్బో ఉన్నప్పుడు ఆ వయసులో కొత్త పాలసీ దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. ఉద్యోగం ఉన్నప్పుడే సొంత పాలసీ తీసుకుని ఉంచుకోవడం, ఊళ్లో ప్లాటు మీద మదుపు చేయడం కన్నా ముందు చేయాల్సిన పని.

ఇంట్లో కూడా ఆఫీసు తప్పే చేస్తాం. "కంపెనీ బాగుందా నాయనా?" అని అమ్మ ఫోన్‌లో అడిగితే "బాగుందిమా" అనేస్తాం. ప్రాజెక్టు పోయిన సంగతి భార్యకు కూడా చెప్పకుండా రోజూ బ్యాగు తగిలించుకుని బయలుదేరి, కాఫీ షాపులో కూర్చుని దరఖాస్తులు పెట్టుకునే భర్తలు ఈ నగరంలో ఉన్నారు. బాధపెట్టకూడదన్న ప్రేమే దానికి కారణం, కాదనను. కానీ ఆ ప్రేమ వల్ల ఇంట్లోవాళ్లు అంతకన్నా పెద్దదేదో ఊహించుకుంటారు. ఖర్చు తగ్గించడానికి, పుట్టింటివాళ్లను అడగడానికి, తను మళ్లీ ఉద్యోగంలో చేరే ఆలోచన చేయడానికి ఆమెకు దక్కాల్సిన వ్యవధి పోతుంది.

వ్యవధి గురించే కంపెనీలను ఒకటి అడగాలి. ఉద్యోగి మానేయాలంటే చాలాచోట్ల 90 రోజుల నోటీసు ఇవ్వాలి. లేకపోతే రిలీవింగ్ లెటర్ దగ్గర పేచీ. అదే కంపెనీ మనిషిని పంపాలనుకున్నప్పుడు మధ్యాహ్నం పిలిచి, సాయంత్రానికి లాప్‌టాప్ తీసుకుంటుంది. నోటీసు జీతం ఇచ్చాం కదా అంటుంది. జీతం ముఖ్యమే, కానీ ఆ 90 రోజుల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. సంస్థలోనే వేరే ప్రాజెక్టు వెతుక్కోవచ్చు. ఉద్యోగంలో ఉండగానే ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు. పిల్లవాడి పరీక్షలు అయ్యేదాకా ఇల్లు మారకుండా ఆగొచ్చు. బీమా మార్చుకోవచ్చు. ఉద్యోగి నుంచి కోరే వ్యవధినే ఉద్యోగికీ ఇవ్వాలి, అదీ డబ్బు రూపంలో కాకుండా ముందుగా చెప్పడం రూపంలో. మేనేజర్ల అప్రైజల్‌లో కూడా ఈ ప్రశ్న ఒకటి చేర్చాలి: మీ టీమ్‌లో ఉద్యోగం పోయినవాళ్లకు ఆ సంగతి మొదట మీ నోటి నుంచే తెలిసిందా, ఎన్ని రోజుల ముందు తెలిసింది?