ఏడు, ఏడు, ఏడు అని రాసి ఉన్న డబ్బాకు

రెడింగ్, ఇంగ్లండ్,
మార్చి, మూడో ఆదివారం.

మహారాజశ్రీ మా షెడ్డులోని ఎరువు డబ్బా గారికి,

నమస్కారాలు. ఇక్కడ పెరట్లోని పియర్ చెట్టు తప్ప అందరం క్షేమం. మీరూ క్షేమంగానే ఉంటారు. మూత సరిగ్గా పెట్టకపోతే తేమకి గడ్డ కట్టడం తప్ప మీకు వచ్చే జబ్బేమీ లేదు.

మీ నుదుటి మీద 7-7-7 అని పెద్ద అంకెల్లో ఉంటుంది. నూటికి నత్రజని ఏడు, భాస్వరం ఏడు, పొటాష్ ఏడు. ఇంగ్లీషులో చదివినన్నాళ్లూ విమానం పేరులా గంభీరంగా వినిపించింది. ఒక్కసారి తెలుగులో పైకి చదివి ఉంటే కొన్న రోజే జాగ్రత్తపడేవాణ్ణి. ఏడు, ఏడు, ఏడు. కొన్నవాడి భవిష్యత్తుని ఇంత నిజాయితీగా అట్ట మీద వేసుకున్న సరుకు నేను ఇంకోటి చూడలేదు.

మా నాన్న తెనాలి దగ్గర వరి రైతు. మా ఇంట్లో ఎరువులకి పేర్లు ఉండేవి కావు, అంకెలే. "రెండు ఇరవై ఎనిమిదులు, ఒక పద్నాలుగు ముప్పై అయిదు పట్రా" అంటే నాకూ కొట్టాయనకీ అర్థమైపోయేది. అందుకే ఇక్కడి గార్డెన్ సెంటర్లో, పూలకుండీలకీ సువాసన కొవ్వొత్తులకీ మధ్య, అంకెలు వేసుకుని మీరు కనిపిస్తే ఊరివాళ్లు ఎదురైనట్టయింది. పైగా ఈ మూడేడుల మిశ్రమానికి ఈ దేశంలో గ్రోమోర్ అని పేరట. మా ఊరి ఎరువుల కొట్టు బోర్డు మీద చూస్తూ పెరిగిన పేరు! తీరా కనుక్కుంటే చుట్టరికం ఏమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద తిండి రావడం కష్టమై, పెరడు తవ్వి కూరగాయలు వేసుకోండని సర్కారు ఊదరగొడుతున్న రోజుల్లో, 1942లో, అన్నీ సమానంగా కలిపి జనానికి ఇచ్చిన మిశ్రమం అది. అంటే మీరు బంగాళాదుంపల కోసం, క్యాబేజీల కోసం పుట్టినవారు. మా చెట్టు జోలికి ఎందుకు వచ్చారో మిమ్మల్ని కాదు, నన్నడగాలి.

చెట్టు సంగతి మీకు తెలియంది కాదు. విలియమ్స్ రకం. అమెరికాలో మనవాళ్లు బార్ట్‌లెట్ అని కొనుక్కునేది ఇదే. 1770 ప్రాంతంలో మాకు పది మైళ్ల దూరంలో, ఆల్డర్‌మాస్టన్ అనే ఊళ్లో, ఒక బడిపంతులు తోటలో పుట్టింది. (ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే అణ్వాయుధాల కేంద్రం గుర్తొస్తుంది, పండు కాదు.) ఇక్కడి వాళ్లు పియర్లలో వండుకునేవి వేరు, అలాగే తినేవి వేరు అంటారు. ఇది రెండో జాతి, డిజర్ట్ పియర్. మనకి రసాలు ఎలాగో అలా, తింటుంటే మోచేతి దాకా కారాలి. అలాంటి పండు పుట్టిన చోటే, చెట్టుతో సహా ఇల్లు దొరికిందని మురిసిపోయాం. ఐదేళ్లయింది. ఏప్రిల్ వచ్చేసరికి చెట్టు నిండా తెల్లటి పూత. జూన్ వచ్చేసరికి ఒక్క పిందె ఉండదు.

ఇక్కడే మీరు ప్రవేశించారు.

మొదటి ఏడు ఒక గుప్పెడు వేశాను. కాయ రాలేదు. ఆకలి తీరలేదేమో అనుకున్నాను. రెండో ఏడు రెండు గుప్పెళ్లు. మూడో ఏడు లెక్క మానేశాను. మా ఇళ్లలో వడ్డన సంగతి ఎరుగుదురుగా, తినేవాళ్లు "చాలు" అన్నాకే అసలు వడ్డన మొదలవుతుంది. మనుషులైతే విస్తరికి చెయ్యి అడ్డం పెడతారు. చెట్టు ఎక్కణ్ణుంచి పెడుతుంది?

పాపమంతా మీదేనని అనను. అరటి తొక్కలు, కాఫీ పిప్పి, గుడ్డు పెంకులు, బియ్యం కడిగిన నీళ్లు, ఎవరో వీడియోలో చెప్పారని ఎప్సమ్ సాల్ట్, అన్నీ పడ్డాయి. ఇవి చాలవన్నట్టు చుట్టూ ఉన్న గడ్డికి పచ్చదనం కోసం లాన్ ఎరువు. గడ్డికి చల్లిన నత్రజని గడ్డి కిందున్న వేళ్లకి కూడా అందుతుందని నాకు తట్టలేదు. ఇంట్లో భోంచేసిన మనిషిని పక్కింటి విందుకీ కూర్చోబెట్టినట్టు.

తిన్నదంతా ఒంటికి పట్టింది. అదే మా బాధ. కాపుకొచ్చిన పియర్ చెట్టుకి కొమ్మ చివర ఏడాదికి ఒక అడుగు, కాస్త అటూ ఇటూగా, కొత్త ఎదుగుదల వస్తే తిండి సరిపోతున్నట్టే. అంతకు బాగా మించితే ఆ ఏడు ఏమీ వేయక్కర్లేదు. బెత్తెడు కూడా రాకపోతే అప్పుడు మిమ్మల్ని పిలవాలి. టేపు పట్టుకుంటే ఐదు నిమిషాల పని, నేను ఐదో ఏడు చేశాను. నాలుగున్నర అడుగులు వచ్చింది. మా చిన్నదాని ఎత్తు. పక్కలకి పరుచుకుని పూమొగ్గలు కట్టాల్సిన కొమ్మలు బెత్తాల్లా నిలువునా లేచి నిలబడ్డాయి.

వీడియో కాల్ చేసి కెమెరా అటు తిప్పాను. నాన్న ఒక్క చూపు చూసి "చేను నల్లబడిందిరా" అన్నారు. యూరియా ఎక్కువైన వరి అలాగే ఉంటుంది. నల్లగా, ఏపుగా, దారినపోయేవాళ్లు ఆగి చూసేలా. ఆ తర్వాత సుడిదోమ అనే పురుగు పడుతుంది, గాలి వీస్తే చేను పడిపోతుంది.

"ఆకుల కోసం పదిహేనడుగుల చెట్టెందుకురా? తోటకూర వేసుకోకపోయావా?"

"యూరియా కాదు నాన్నా. యూరియాలో నూటికి నలభై ఆరు పాళ్లు నత్రజని. ఇందులో ఏడే."

"ఏడేలే. ఎన్నిసార్లు ఏడు?"

నాకు ఎక్కాలు సరిగ్గా రావని ఆయనకి మూడో తరగతి నుంచీ అనుమానం.

సుడిదోమ రాలేదు కానీ దాని మేనమామ వచ్చాడు. జూన్‌లో లేత కొమ్మల చివర్లు నిప్పు సెగ తగిలినట్టు కమిలిపోయి, చేతికర్ర పిడిలా వంకర తిరిగాయి. ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులు. ఈ దేశంలో మొదట 1957లో కెంట్‌లో కనబడిందట, మా పెరట్లో నా ధర్మమా అని కనబడింది. నీరుపట్టిన లేత కొమ్మంటే దానికి పండగ. నేను ఏటేటా పండగ సామాను సిద్ధం చేసి పెట్టాను. మాడిన చోటు నుంచి అడుగు పైగా కిందికి, మంచి చెక్క తగిలేదాకా కోసి, కోతకోతకీ రంపం క్రిమిసంహారకంతో తుడిచి, కోసినవన్నీ కాల్చేశాను. ఆ రోజు మీ మొహం చూడబుద్ధి కాలేదు.

అలాగని మీ వైపు న్యాయం లేకపోలేదు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ వేయాలో మీ వెనకాల చిన్న అక్షరాల్లో రాసే ఉంది. నేను ముందువైపే చదివాను. చలికాలం చివర, కొమ్మలు పరుచుకున్నంత మేరా నేల మీద పలచగా చల్లాల్సింది, మొదలు చుట్టూ దిబ్బలా పోశాను. తిండి పీల్చే సన్నవేళ్లు ఉండేది అక్కడ కాదు. జులైలో కూడా పోశాను. దాంతో చెట్టు ఆకు రాల్చి పడుకోవాల్సిన వేళకి లేత చిగుళ్లు తొడిగింది, మొదటి గడ్డమంచుకి అవి కాస్తా మాడాయి. సంక్రాంతికి వేసవి బట్టలు కొనిపెట్టిన తండ్రి ఎలాంటివాడో నేనూ అలాంటివాణ్ణి.

ఇంతా చేసి అసలు సంగతి చెప్పింది కంచె అవతలి పెద్దాయన. ఎనభై దాటాయి. ఐదేళ్లూ నేను పోసేది చూస్తూనే ఉన్నారు. వీళ్లు అడిగితే తప్ప చెప్పరు, మనవాళ్లు అడక్కపోయినా ఆపరు, ఈ రెంటికీ మధ్య ఒక దేశం ఉంటే అక్కడికి వలసపోదును. చివరికి అడిగాను.

"దీని జత ఎక్కడ?" అన్నారు.

జత! పియర్ చెట్టు సొంత పుప్పొడితో సరిగ్గా కాయ కట్టదు. అదే రోజుల్లో పూసే వేరే రకం దగ్గర్లో ఉండాలి, తేనెటీగ మధ్యవర్తిత్వం చేయాలి. ఆ తేనెటీగకీ పియర్ పూల తేనె చప్పగా ఉంటుంది, పక్కన ఇంకేమైనా పూస్తే అటే పోతుంది. పెద్దాయన పెరట్లో ఒకప్పుడు కాన్ఫరెన్స్ రకం చెట్టు ఉండేదట. మేం ఇల్లు కొనే ముందు ఏడాది గాలివానకి పడిపోయిందట. అంటే తోడు పోయిన చెట్టుకి ఐదేళ్లుగా కొసరి కొసరి వడ్డిస్తూ, పిల్లలేరీ అని అడుగుతున్నాను.

ఆ వారమే సంబంధాలు చూడ్డం మొదలుపెట్టాం. వీటికీ జాతకాలున్నాయి. పూత వచ్చే కాలాన్ని బట్టి గ్రూపులు, విలియమ్స్‌ది మూడు, కాన్ఫరెన్స్‌దీ మూడే. గోత్రాలు కూడా ఉన్నాయి, నవ్వకండి. విలియమ్స్‌కీ సెకెల్ అనే రకానికీ కుదరదు. రెంటికీ జన్యువులు ఒకేలా ఉండడం వల్ల, వచ్చిన పుప్పొడిని పువ్వు "నువ్వు మావాడివే" అని గుర్తుపట్టి లోపలికి రానివ్వదు. అచ్చంగా సగోత్రం. ఈ ఒక్క ముక్క విన్నాక మా అమ్మకి ఇంగ్లీషు చెట్ల మీద గౌరవం పెరిగింది.

ఫిబ్రవరిలో కాన్ఫరెన్స్ మొక్క నాటాం. నా నడుం ఎత్తు ఉంది. మొదటి ఏడు ఎరువేమీ వద్దు, నీళ్లు పోసి, మొదలుకి తగలకుండా చుట్టూ కంపోస్టు పరిస్తే చాలన్నారు నర్సరీవాళ్లు. విన్నాను. తలూపాను. మూడు వారాలు ఓర్చుకున్నాను.

నిన్న రాత్రి అందరూ పడుకున్నాక టార్చి పట్టుకుని షెడ్డు దాకా వచ్చాను. మొక్క మరీ సన్నగా ఉంది, ఒక్క చిటికెడు, గుప్పెడు కూడా కాదు. చూస్తే తలుపుకి కొత్త తాళం. చెవి మా ఆవిడ ఎక్కడో దాచింది, అడిగితే "ఏ చెవి?" అంటోంది. షెడ్డు వెనక కిటికీ గొళ్లెం లోపలి వైపు ఉంది కదా, అది మీ చేతికి అందుతుందేమో చూడగలరు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు