టీపీఎన్ సంచిని సెలైన్ అనడం ఇక ఆపండి

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకునే ఎన్ఐసీయూలో నర్సుగా పనిచేస్తున్నాను. నిన్న ఒక తండ్రి వచ్చి "సిస్టర్, రెండు రోజుల నుంచి పాపకి ఏమీ పెట్టట్లేదట కదా, ఆకలికి తట్టుకుంటుందా?" అని అడిగారు. విషయం ఏంటంటే, మావాళ్లలోనే ఎవరో "సెలైన్ ఎక్కిస్తున్నాం" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయారు. తన బిడ్డ పస్తు ఉందనుకుంటూ ఆ మనిషి రెండు రాత్రులు మెట్ల మీద కూర్చున్నారు. పాపకేమో పుట్టిన రోజు నుంచీ తిండి అందుతూనే ఉంది, బొడ్డు సిరలో వేసిన లైన్ గుండా. ఇలా సిర గుండానే పూర్తి ఆహారం ఇవ్వడాన్ని టీపీఎన్ (టోటల్ పేరెంటరల్ న్యూట్రిషన్) అంటారు. రెండు నిమిషాలు నిలబడి చెప్పి ఉంటే ఆయనకి ఆ టెన్షనే ఉండేది కాదు. నాకు నిజంగా కోపం వచ్చింది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

సెలైన్ అంటే ఉప్పునీళ్లు. టీపీఎన్ సంచిలో శక్తికి గ్లూకోజ్ ఉంటుంది, కండకి అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ తయారయ్యేది వీటితోనే) ఉంటాయి, సోడియం, పొటాషియం, కాల్షియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, జింక్, విటమిన్లు ఉంటాయి. పక్కనే వేరే సిరంజిలో పాలలా తెల్లగా కనిపించేది కొవ్వు, అంటే లిపిడ్. బిడ్డ బరువు, రక్తపరీక్షలు చూసి ఏది ఎంత వెళ్లాలో రోజూ లెక్క కడతారు. ఒక పూట భోజనం వండటానికి ఇంత లెక్క ఎవరూ వేయరు.

కడుపులో ఉన్నప్పుడు మాయ ద్వారా రాత్రీ పగలూ ఆహారం అందుతూ ఉంటుంది. 28 వారాలకే పుట్టేస్తే బొడ్డుతాడు కోసిన క్షణంలో అదంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో కొవ్వు దాదాపు ఉండదు, బయటి నుంచి ఏమీ ఇవ్వకపోతే ఉన్న నిల్వలు సుమారు 4 రోజులకే సరిపోతాయి. పోనీ పాలు పట్టేద్దామా అంటే, పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ కలిసి కుదిరేది గర్భం లెక్కన 34 వారాలు వచ్చాకే. ట్యూబ్‌తో వేద్దామన్నా పేగులు ఇంకా పూర్తిగా సిద్ధంగా ఉండవు, అందుకే పాలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి, అవి చాలినంత అయ్యేదాకా మిగతా తిండి సిర గుండానే వెళ్లాలి.

ఇక్కడ నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోటి సంగతి చెప్పాలి. అక్కడ మొదటి మూడు రోజులు ఉత్త గ్లూకోజే పెట్టేవాళ్లు. "ముందు బిడ్డ కుదుటపడనీ, తర్వాత చూద్దాం" అనేవాళ్లు. గ్లూకోజ్ ఒక్కటే ఇస్తే షుగర్ పడిపోకుండా ఆగుతుంది, అంతే. అమైనో ఆమ్లాలు లేకపోతే ఆ చిన్న ప్రాణం తన కండనే కరిగించుకుంటుంది, ఒంట్లో ఉన్న ప్రోటీన్‌లో రోజుకి సుమారు 1 శాతం చొప్పున పోతుంది. పెద్దవాళ్లకి రెండు మూడు రోజులు తిండి లేకపోవడం వేరు, మెదడు వేగంగా పెరుగుతున్న వయసులో లేకపోవడం వేరు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2020లో ఇచ్చినవి చూడండి, సిర గుండా పోషణ అవసరమని నిర్ణయించాక వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 8 గంటల్లోపు మొదలుపెట్టాలి అంటాయి. అర్ధరాత్రి పుట్టారనో, సెలవు రోజు ఫార్మసీలో కలిపేవాళ్లు లేరనో తెల్లారేదాకా ఆపడం తప్పు. ముందే కలిపి ఉంచిన సంచులు వార్డులో పెట్టుకోవచ్చు కదా!

అసలు ఇది తిండి అని మొదట చూపించినవాళ్లు 1960ల చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియా డాక్టర్లు స్టాన్లీ డుడ్రిక్, డగ్లస్ విల్మోర్. ముందు కుక్కపిల్లల్ని సిర గుండానే పెంచారు, తర్వాత చిన్నపేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక పాపకి అలాగే ఇచ్చారు. ఆ పాప బరువు పెరిగింది, ఎదిగింది. సెలైన్‌తో ఎవరైనా ఎదుగుతారా?

అలాగని ఇందులో ప్రమాదం లేదని చెప్పను. లైన్ ద్వారా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోతుంది, అందుకే లైన్ మూత తెరిచే ప్రతిసారీ చేతులు కడుక్కోవడం, మందుతో తుడిచి ఆరేదాకా ఆగడం. ఆ కొన్ని సెకన్లు ఆగని వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వారాల తరబడి సాగితే లివర్ దెబ్బతిని కామెర్లు రావచ్చు. కాల్షియం, ఫాస్ఫేట్ పాళ్లు తప్పితే కలిసి గడ్డకడతాయి, అలా జరిగి మరణాలు కూడా సంభవించడంతో 1994లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. వెలుతురు తగిలితే హాని చేసే పెరాక్సైడ్లు తయారవుతాయి, కాబట్టి సంచినీ ట్యూబునీ కప్పి ఉంచాలని 2019లో యూరప్ మందుల సంస్థ చెప్పింది. మనవాళ్లు సంచికి కవర్ వేస్తారు, ట్యూబుని మాత్రం లైట్ కింద అలాగే వదిలేస్తారు. ట్యూబులో వెళ్లేది కూడా అదే కదండీ.

తల్లులకి ఇంకో మాట. సంచి ఉంది కదా అని పాలు పిండటం ఆపకండి. మీరు తెచ్చే నాలుగు చుక్కల ముర్రుపాలు ఆ పేగుకి పని నేర్పుతాయి, సంచి నుంచి త్వరగా బయటపడేసేది కూడా అవే. "ఇంతేనా వచ్చాయి" అని ఒక తల్లి సిరంజి దాచుకుంది మొన్న. అమ్మా, ఆ అర మిల్లీలీటరు కోసమే మేము ఎదురుచూస్తాం.

నిన్న ఆ తండ్రిని లోపలికి తీసుకెళ్లి చార్టు ముందు పెట్టాను. ఒక్కొక్క లైను వేలితో చూపిస్తూ ఇది కండకి, ఇది ఎముకకి, ఇది కొవ్వు అని చెప్పాను. గంటకి 3 మిల్లీలీటర్ల పైచిలుకు అని పంపు మీద అంకె చూసి, ఇంత కొంచెం సరిపోతుందా అని అడిగారు. కిలో బిడ్డకి ఈరోజుకి ఇది సరిపోతుందండీ, రేపు పెంచుతాం అన్నాను. ఆయన అక్కడే ఫోన్ తీసి పాప తల్లికి చేశారు. "తింటోందట" అన్నారు.