ఇంజన్‌కు ఉక్కపోస్తుందట!

పాత బుల్లెట్‌నో ఆర్‌ఎక్స్ 100నో కొత్తగా తయారు చేయించుకునే కుర్రాళ్లను ఇప్పుడు ఒకటే దిగులు పీడిస్తోంది. బోరుకు, హెడ్‌కు నల్ల పౌడర్ కోటింగ్ (పొడిగా చల్లి, ఓవెన్‌లో కరిగించి పట్టించే రంగు) వేయిస్తే ఇంజన్‌కు ఉక్కపోయదా? గాలి తగిలితేనే చల్లబడే ప్రాణి. మండే మే నెలలో దానికి స్వెటర్ తొడగడం అమానుషం కాదా? దీనిపై విచారణ సంఘం వేయాల్సిందేనని నా డిమాండ్ కూడా.

నిందితుడైన కోటింగ్ మందం సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్లు. అంటే ఎంత లావెక్కినా మిల్లీమీటరులో పదో వంతు. వేడిని సులువుగా పోనివ్వడన్న ఆరోపణ నిజమే. కానీ ఫిన్స్ (ఇంజన్ చుట్టూ ఉండే లోహపు రెక్కలు) మీంచి గాలిలోకి చేరడానికి వేడి పడే తిప్పల ముందు ఈ పొర అడ్డు లెక్కలోకే రాదు. పైగా తళతళలాడే అల్యూమినియం కన్నా రంగు వేసిన లోహమే వేడిని ఎక్కువగా వెదజల్లుతుంది. కంపెనీలు నల్ల ఇంజన్లను ఎన్నో ఏళ్లుగా అమ్ముతూనే ఉన్నాయి, అవి సొమ్మసిల్లి పడిపోలేదు. కాబట్టి నిందితుడు నిర్దోషి. ఫిన్స్ మధ్య గడ్డకట్టిన బురద వేరే కేసు. అందులో ముద్దాయి బండి ఓనరే కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు.

ఇంత జాలిగుండె గల ఓనరు అదే ఇంజన్‌ను నిశ్చింతగా కొలిమికి అప్పగించి వస్తాడు. పౌడర్ కరిగి గట్టిపడాలంటే లోహం 180, 200 డిగ్రీలకు చేరి పది, ఇరవై నిమిషాలు అక్కడే ఉండాలి. బేరింగులు తీయకుండా కేసింగ్ పెడితే గ్రీజు కారిపోతుంది, ఆయిల్ సీళ్లు మాడిపోతాయి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి బేరింగు తనంతట తానే జారి పడినా ఆశ్చర్యం లేదు. హీట్ ట్రీట్‌మెంట్ చేసిన భాగమైతే, టైమర్ పెట్టి టీకి వెళ్లినవాడు రాజకీయాల్లో పడి మర్చిపోతే, గట్టిదనంలో కొంత అక్కడే కరిగిపోతుంది. ఏళ్ల తరబడి నూనె పీల్చిన పోత లోహాన్ని ముందు పౌడర్ లేకుండా ఖాళీగా కాల్చకపోతే పౌడర్ కింద ఆవిర్లు తన్నుకొచ్చి రంగంతా చిల్లులే. పాత రంగు వదలగొట్టడానికి కొట్టి, మూలల్లో మిగిలిన బ్లాస్టింగ్ ఇసుక సంగతి పిస్టన్‌నే అడగాలి.

షాపులో మనవాడు అడిగేవి మాత్రం: ‘మ్యాటా, గ్లాసా? సాయంత్రానికి అయిపోతుందా? లాస్ట్ ఎంత?’ ఓవెన్‌లో డిగ్రీలెన్నని అడగడం మర్యాద కాదని ఊరుకుంటాడు కాబోలు.

అన్నీ మాట్లాడుకున్నాక సంచిలోంచి సైలెన్సర్ బెండ్ పైపు తీసి, దానికీ ఇదే నలుపు కొట్టమంటాడు. మామూలు పౌడర్ ఆ వేడికి మాడి రాలిపోతుందనీ, దానికి వేరే హైటెంపరేచర్ కోటింగ్ ఉంటుందనీ షాపతను చెబుతాడు.

‘పర్లేదన్నా, వేసెయ్. నేను స్లోగానే తోల్తా!’