వెనకాల బస్సు ఖాళీగా వస్తోంది

ఈ మధ్య మన విశాఖ స్కూళ్లకి ప్రేమ బాగా ఎక్కువైపోయింది, దాని గురించి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే రాస్తున్నా. వేసవి వచ్చిందంటే మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఎటు చూసినా హోర్డింగులే, ఏసీ క్లాసులు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, రోబోటిక్స్, గుర్రపు స్వారీ, అన్నిటికీ అడుగున చిన్నక్షరాల్లో 'ఇంక్లూజివ్ క్యాంపస్'. తెలీని వాళ్ల కోసం చెప్తున్నా, చూపులో వినికిడిలో మాటలో నేర్చుకోడంలో ఏదన్నా తేడా ఉన్న పిల్లల్ని కూడా అందరితో పాటే కూర్చోబెట్టి చదివిస్తాం అని దానర్థం. గుర్రానికి చోటుంది కదా పిల్లాడికి ఉండదా అని మా చెల్లి, తన కొడుకుని వెంటేసుకుని బయల్దేరింది, తోడుగా నేను.

మావాడికి ఏడేళ్లు, ఆటిజం. మాటలు తక్కువ, బస్సులు ఎక్కువ. ఆర్టీసీ కాంప్లెక్స్ లో నిలబెడితే ఏది ఎటెళ్తుందో ఎంక్వైరీ వాళ్లకంటే ముందు చెప్తాడు.

ముందు ఒక పేరున్న స్కూల్ కి వెళ్లాం. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం అడ్మిషన్ కోసం పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ వడపోయకూడదు, పోస్తే మొదటిసారి 25 వేల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. చట్టం అంటే వీళ్లకి చాలా గౌరవం, అందుకని ఇంటర్వ్యూ అన్న మాటే ఎత్తరు, 'ఇంటరాక్షన్' అంటారు. ఆ ఇంటరాక్షన్ లో ప్రిన్సిపల్ మేడమ్ "నీ పేరేంటి నాన్నా" అంటే మావాడు కిటికీలోంచి చూస్తూ సింహాచలం బస్సు నంబరు చెప్పాడు. ఆవిడ మొహంలో కరుణ పొంగిపోయింది. "మాకేం అభ్యంతరం లేదు మేడమ్, తీసుకోడం ఎంతసేపు, కానీ బాబు గురించి ఆలోచించండి, ఇంతమంది మధ్యలో నలిగిపోతాడు, స్పెషల్ స్కూల్లో అయితే ట్రైన్డ్ స్టాఫ్ ఉంటారు, హ్యాపీగా ఉంటాడు."

బ్రిటన్ లో మేరీ వార్నాక్ అని ఒక పెద్దావిడ ఉండేది, 1978లో ఆవిడ కమిటీ ఇలాంటి పిల్లల్ని వీలైనంత వరకు మామూలు బళ్లలోనే చదివించే దారి వేసింది, 2005లో ఆవిడే అబ్బే ఇలా కుదర్లేదు, చాలామంది పిల్లలకి చేటే జరిగింది అని గొంతు మార్చింది. ఆవిడకి 27 ఏళ్లు పట్టింది. మన మేడమ్ కి హోర్డింగు నుంచి ఆఫీసు రూమ్ కి వచ్చేసరికే అయిపోయింది, నాలుగు నిమిషాలు.

సరే అని ఆటో ఎక్కి స్పెషల్ స్కూల్ కి వెళ్లాం. అక్కడి మేడమ్ నిజంగానే మంచావిడ, మావాడితో అరగంట నేల మీద కూర్చుని ఆడింది. ఆడి, బోర్డులు చదువుతున్నాడని చూసి, మా చెల్లి చెయ్యి పట్టుకుని "అమ్మా, వీడికి చదువొస్తుంది, మామూలు స్కూల్లో వెయ్యమ్మా, నాలుగు మాటలు వింటే మాటలొస్తాయి, మా దగ్గర ఉన్నవాళ్లు ఇంకా కష్టంలో ఉన్నారు, సీట్లు కూడా లేవు" అంది. మళ్లీ ఆటో. స్టాండ్ లో పొద్దుటి డ్రైవరే, "ఏటి బాబూ ఇందాకే కదా అటెల్లారు, మళ్లీ ఇటెల్తారేటి?" అన్నాడు. ఈ విషయం మీద నేను విన్న తెలివైన ప్రశ్న అదొక్కటే.

బస్సు ఆపకుండా పోనిస్తూ కండక్టర్ ఒక మాట అరుస్తాడు చూశారా, "వెనకాల బస్సు ఖాళీగా వస్తోంది, దాంట్లో ఎక్కండి" అని. మామూలు స్కూల్ కి వెనకాల బస్సు స్పెషల్ స్కూలు, స్పెషల్ స్కూల్ కి వెనకాల బస్సు మామూలు స్కూలు. రెండూ ఖాళీగానే వస్తున్నాయట పాపం, ఎక్కించుకోడమే పడట్లేదు.

మూడో చోట ఒప్పుకున్నారు, కాకపోతే షాడో టీచర్ ని, అంటే క్లాసులో వాడి పక్కనే ఉండి చూసుకునే మనిషిని, మేమే పెట్టుకోవాలి, జీతం మేమే ఇచ్చుకోవాలి. పిల్లాడికో ఫీజు, పిల్లాడి నీడకో ఫీజు. మీ దగ్గర స్పెషల్ టీచర్ లేరా అని అడిగా. 2021లో సుప్రీంకోర్టు లెక్క తేల్చమంటే, 2022లో కేంద్రం ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, పై క్లాసుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలంది కదా అని కూడా అన్నా, కొంచెం చదువుకొచ్చాలెండి. ఆ స్కూలాయన చాలా ఓపిగ్గా చెప్పాడు, ఇలాంటి పిల్లలు మా దగ్గర లేరు కాబట్టి టీచర్ని పెట్టలేదు సార్, టీచర్ లేరు కాబట్టి పిల్లల్ని తీసుకోలేకపోతున్నాం. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అనే సామెత గుర్తొచ్చింది, ఈ సందర్భంలో అది వాడకూడదు కాబట్టి వాడట్లేదు. లెక్క మాత్రం తప్పు లేదు, సున్నా మందికి సున్నా టీచర్లు, కేంద్రం చెప్పిన నిష్పత్తి తు.చ. తప్పకుండా అమలవుతోంది.

ఈలోగా ఎవరో వైకల్యం సర్టిఫికెట్ ఉండాలన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చారు, 1995 నాటి పాత చట్టంలో ఏడే ఉండేవి, అందులో ఆటిజం ఊసే లేదు. వైకల్యం పర్సంటేజీ 40కి తగ్గకూడదు. మనకి టెన్త్ లో పాస్ మార్కు 35, ఇక్కడ 40, ఇదే కష్టం. కొడుక్కి నలభై దాటాలి తండ్రీ అని ఒక తల్లి అప్పన్నకి మొక్కుకోడం నేను మొదటిసారి చూశా. దాటింది. మా వంశంలో ఫస్ట్ అటెంప్ట్ లో పాసైంది వీడొక్కడే.

ఆ చట్టంలోనే 31వ సెక్షన్ అని ఒకటుంది, ఆ నలభై దాటిన పిల్లాడికి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఇంటి దగ్గరి బడిలో గానీ స్పెషల్ స్కూల్లో గానీ, వాడు ఏది కోరుకుంటే దాంట్లో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది అని. వాడు కోరుకుంటే అని రాసుంది. మన దగ్గర దీన్ని చదివే పద్ధతి వేరే, ఇంటి దగ్గరి బడి స్పెషల్ స్కూల్ని కోరుకుంటుంది, స్పెషల్ స్కూల్ ఇంటి దగ్గరి బడిని కోరుకుంటుంది, కోరికలు అందరివీ తీరుతున్నాయి ఒక్క పిల్లాడిది తప్ప.

అలాగని స్పెషల్ స్కూళ్లు మూసెయ్యాలనే బ్యాచ్ కాదు నేను. మా ఆఫీసులో ఒకాయన కూతురికి వినపడదు, రెండేళ్లు మామూలు బళ్లో చివరి బెంచీలో బొమ్మలా కూర్చుంది, 'ఇంక్లూడ్' అయ్యే ఉంది రికార్డుల్లో. సైగల భాష ఉన్న బళ్లో వేసిన ఆర్నెల్లకి వాళ్ల నాన్న నడకని వెక్కిరిస్తూ ఇంట్లో అందర్నీ నవ్విస్తోందట, ఆయన అది చెప్తూ ఏడ్చాడు. ఆ పిల్లకి అదే సరైన బస్సు. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం సర్కారు సమగ్ర శిక్ష పథకం వాళ్ల భవిత సెంటర్లు కూడా ఉన్నాయి, ఇంక్లూజన్ అంటూ ఏదన్నా జరుగుతోందంటే హోర్డింగు లేని ఆ గదుల్లోనే కాస్త జరుగుతోంది, కాంట్రాక్టు జీతాల మీద. వాటి గురించి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ లో చెప్తే "గవర్నమెంటా?" అని ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది. "అలాంటి పిల్లలుంటే మనవాళ్ల కాన్సన్‌ట్రేషన్ పోదా" అన్నదానికి మాత్రం పదకొండు థంబ్స్ అప్ లు.

కాబట్టి నా సూచన ఏంటంటే, మనకి ఆల్రెడీ ఒక సంప్రదాయం ఉంది, దాన్నే పాటిద్దాం. సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనంలో ఉంటాడు, నిజరూప దర్శనం ఒక్కరోజే. మన స్కూళ్లలో ఇంక్లూజన్ కూడా అంతే, ఏడాదంతా బ్రోచర్ల పూతలో ఉంటుంది, డిసెంబర్ 3న వికలాంగుల దినోత్సవం నాడు మాత్రం దర్శనమిస్తుంది. ఆ రోజు ర్యాంపు మీద పూలకుండీలు తీసేస్తారు. మిగతా 364 రోజులూ ర్యాంపు ఎందుకు అంటారా, పూలకుండీలు ఎక్కడ పెట్టుకుంటారండీ మరి.

ఇది ఊరికే అనట్లేదు. మావాడు ఈ ఏడాది పొద్దున థెరపీకి వెళ్లి మధ్యాహ్నం నుంచి బాల్కనీలో బస్సులు లెక్కపెట్టుకుంటున్నాడు. నవంబర్ ఆఖర్లో మా చెల్లికి ఫోన్ వచ్చింది, ఆ మొదటి స్కూలే. మూడో తారీకు ఫంక్షన్ ఉంది మేడమ్, స్పెషల్ కిడ్స్ ని సన్మానిస్తున్నాం, బాబుని తప్పకుండా తీసుకురండి, శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో, లంచ్ కూడా ఉంది. మా చెల్లి ఏం మాట్లాడాలో తెలీక నా వైపు చూస్తోంది, ఫోన్ స్పీకర్ లో ఉంది, "రావడానికి ఇబ్బందైతే బస్సు మేమే పంపిస్తాం మేడమ్" అంటోంది ఆవిడ.

మావాడు బాల్కనీలోంచి పరిగెత్తుకొచ్చి ఫోన్ కి నోరు ఆనించి అడిగాడు, "ఏ నంబరు?"