రిపోర్టులో కాలమ్ లేని జబ్బు

దత్తత కోసం ఎదురుచూస్తున్న దంపతుల చేతికి ఒకరోజు ఫైలు వస్తుంది. రెండు మూడు ఫొటోలు, నాలుగైదు పేజీలు. వయసు, బరువు, ఎత్తు, తల చుట్టుకొలత, హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ పరీక్షల ఫలితాలు. చివరి పేజీలో ఒక ముక్క: ‘ఎదుగుదలలో జాప్యం ఉంది’. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. ఇంటర్నెట్ అంతా గాలిస్తారు. తెలిసిన డాక్టరుకు ఫోన్ చేస్తారు. ఆయన ‘తీసుకోండి’ అనడు, ‘వద్దు’ అనీ అనడు. ఔననో కాదనో చెప్పాల్సిన గడువు మాత్రం దగ్గర పడుతుంటుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల దత్తత మీద జరిగే చర్చంతా దాదాపు ఆ చివరి పేజీ చుట్టూనే తిరుగుతుంది. జబ్బు పేరేమిటి, నయమవుతుందా, ఖర్చెంత? ఈ ప్రశ్నలు తప్పు కాదు. కానీ ఆ బిడ్డ ఎన్ని నెలలుగా తనదంటూ ఒక మనిషి లేకుండా ఉంది అన్న ప్రశ్న ఎవరూ వేయరు. దానికి రిపోర్టులో కాలమ్ ఉండదు. జబ్బు కంటే ఆ నెలలే ఎక్కువ నష్టం చేసిన పిల్లలు చాలామంది ఉన్నారు.

ముందు ‘ప్రత్యేక అవసరాలు’ అనే మాట సంగతి చూద్దాం. అదొక పెద్ద గోనెసంచి. గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డ అందులోనే ఉంటుంది, సెరిబ్రల్ పాల్సీతో, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేక మంచం దిగలేని బిడ్డా అందులోనే ఉంటుంది. అమెరికాలోనైతే ఏ జబ్బూ లేకపోయినా వయసు పెరిగిపోయిన పిల్లలను, విడదీయకూడని అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా ఆ లెక్కలోనే వేస్తారు. ఇల్లు దొరకడం కష్టమైన పిల్లలన్నది అక్కడ ఆ మాటకు అసలు అర్థం. అంటే అది బిడ్డ శరీరం గురించి చెప్పే మాట కాదు, పెద్దవాళ్లకు ఉన్న జంకు గురించి చెప్పే మాట. నన్నడిగితే ఈ అర్థమే నిజాయితీగా ఉంది.

సంచిలోంచి రెండు మూడు బయటికి తీసి చూస్తే తేడా తెలుస్తుంది. గ్రహణం మొర్రికి పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో చేస్తారు. అంగిలి చీలి ఉంటే దానికి ఏడాది అటూ ఇటూగా చేస్తారు. ఫొటోలో భయపెట్టిన ముఖం కొన్ని నెలల్లో మారిపోతుంది. పని మాత్రం అక్కడితో అయిపోదు. చెవుల్లో నీరు చేరడం, మాట ముక్కులోంచి రావడం, స్పీచ్ థెరపీ, పళ్లు మారే వయసులో చిగురు దగ్గర ఎముక నింపే ఆపరేషన్, ఇలా పదేళ్లు దాటేదాకా డాక్టర్లతో పని ఉంటుంది. గుండెలో రంధ్రం అనగానే హడలిపోతాం కానీ, గుండె కింది గదుల మధ్య ఉండే చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే పూడుకుపోతాయి.

వంకర పాదం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇగ్నాసియో పోన్సెటి అనే డాక్టరు దీనికొక తేలికైన పద్ధతి చూపించాడు. పాదాన్ని చేత్తో మెల్లగా సరిచేస్తూ వారానికోసారి పిండికట్టు మారుస్తారు. ఐదారు కట్లు పడతాయి. చాలామందికి మడమ వెనక స్నాయువు మీద ఒక చిన్న కోత కూడా అవసరమవుతుంది. ఆ తర్వాత బూట్ల పట్టీ తొడుగుతారు. మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రపోయే వేళల్లో. పాదం మళ్లీ వంకర తిరగడానికి ముఖ్య కారణం ఆ పట్టీ సరిగా తొడగకపోవడమే. కట్లు వేసే పని డాక్టరుది, కొన్ని వారాల్లో అయిపోతుంది. బిడ్డ ఏడుస్తున్నా బుజ్జగించి ప్రతి రాత్రీ పట్టీ తొడగడానికి మాత్రం ఒక మనిషి కావాలి, అదే మనిషి నాలుగేళ్లు ఉండాలి. షిఫ్టులవారీగా ఆయాలు మారే చోట ఈ వైద్యం ఎక్కడ తెగిపోతుందో ఊహించడం కష్టం కాదు. ఆస్పత్రిలో నయమయ్యే జబ్బు అనుకున్నదానికి కూడా సగం మందు ఇల్లే.

ఇల్లు లేకపోతే ఏమవుతుందో ప్రపంచానికి లెక్కలతో సహా తెలిసింది రొమేనియాలో. 1989 డిసెంబరులో నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలినప్పుడు అక్కడి పిల్లల ఆశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. తిండి చాలదు, ఆటల్లేవు, ఎత్తుకునేవాళ్లు లేరు. వాళ్లలో కొందరిని బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్నాయి. పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రటర్ బృందం రొమేనియా నుంచి దత్తతకు వచ్చిన 165 మందిని ఏళ్ల తరబడి గమనించింది. ఆరు నెలల వయసు లోపు కొత్త ఇంటికి చేరినవాళ్లు బ్రిటన్‌లోనే దత్తత జరిగిన పిల్లలకు దాదాపు సమానంగా ఎదిగారు. ఆరు నెలలు దాటాక వచ్చినవాళ్లలో చాలామందికి కుదురు లేకపోవడం, కొత్త పాత తేడా లేకుండా ఎవరితో పడితే వాళ్లతో వెళ్లిపోవడం, ఆటిజంలాంటి లక్షణాలు పెద్దయ్యాక కూడా ఉండిపోయాయి. అలాగని అందరికీ కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లలోనూ సుమారు ఐదో వంతు మందికి ఏ దశలోనూ చెప్పుకోదగ్గ సమస్య కనిపించలేదు. ఎందుకన్నది ఇప్పటికీ పరిశోధకులను తొలిచే ప్రశ్నే.

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మరో అధ్యయనం జరిగింది. 2000 తర్వాత అమెరికన్ పరిశోధకులు నెల్సన్, ఫాక్స్, జీనా అక్కడి ఆశ్రమాల్లోని 136 మంది చిన్నపిల్లలను తీసుకుని, చీటీ వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు, అంటే దత్తత తీసుకోకుండా ఖర్చులకు సాయం అందుకుంటూ బిడ్డను సాకే ఇళ్లకు పంపారు. మిగతా సగం అప్పటిదాకా ఉన్న ఏర్పాటులోనే ఉన్నారు. ఇది న్యాయమేనా అని చాలామంది అడిగారు, అడగాల్సిందే. ఆ నగరంలో అప్పటికి పెంపుడు కుటుంబాల వ్యవస్థ లేనట్టే లెక్క, రెండో గుంపులోని ఏ బిడ్డకైనా ఇల్లు దొరికితే అడ్డు చెప్పలేదు, అన్నది వాళ్ల జవాబు. కుటుంబాలకు వెళ్లిన పిల్లల తెలివితేటల స్కోర్లు పెరిగాయి. రెండేళ్లలోపే వెళ్లినవాళ్లలో మార్పు మరీ ఎక్కువ. మందులు మారలేదు, మనుషులు మారారంతే.

ఇప్పుడు మళ్లీ ఆ చివరి పేజీకి వద్దాం. ‘ఎదుగుదలలో జాప్యం’ అంటే మెదడులో ఏదో లోపం కావచ్చు, పగలంతా పైకప్పు చూస్తూ పడుకోవడమూ కావచ్చు. రెండింటికీ రిపోర్టులో రాసే ముక్క ఒక్కటే. ఆశ్రమంలో గడిచే ప్రతి మూడు నెలలకూ సుమారు ఒక నెల ఎదుగుదల వెనకబడుతుందని దత్తత పిల్లలను చూసే వైద్యులు అంచనా వేస్తారు. ఆ లెక్కన పుట్టినప్పటి నుంచీ ఆశ్రమంలోనే ఉన్న 18 నెలల బిడ్డ 12 నెలల బిడ్డలా ఉంటే కంగారు పడాల్సిన పని లేకపోవచ్చు. నెలలు నిండకుండా పుట్టి ఉంటే అది కూడా తీసేసి చూడాలి. అనుభవమున్న పిల్లల డాక్టర్లు తల చుట్టుకొలత ఎంత అని ఒక్క అంకె అడగరు, నెలనెలా కొలిచినవన్నీ అడుగుతారు. గీత పైకి పోతోందా, ఆగిపోయిందా అన్నది వాళ్లకు ముఖ్యం. వీడియో అడుగుతారు. ముఖాల వంక చూస్తోందా, చప్పుడుకు తిరుగుతోందా, బొమ్మ లాక్కుంటే గొడవ చేస్తోందా? గొడవ చేస్తే డాక్టరుకు సంతోషం. అన్నిటికీ సరే అన్నట్టు ఊరుకునే బిడ్డను చూస్తేనే వాళ్లకు టెన్షన్.

ఇంత చూసినా తేలని సంగతులు ఉంటాయి. గర్భంలో ఉండగా తల్లి మద్యం తాగడం వల్ల వచ్చే ఇబ్బందులకు రక్తపరీక్ష లేదు. చాలామంది పిల్లల్లో ముఖం మీద ఏ గుర్తూ ఉండదు. బడికి వెళ్లాక లెక్కలు నిలవకపోవడం, చెప్పింది చెప్పినట్టే మరిచిపోవడం, కోపం ఆపుకోలేకపోవడం మొదలయ్యాక గానీ అనుమానం రాదు. ఒక విచిత్రం ఏమిటంటే, కంటికి కనిపించే లోపం చూసి మనం ఎక్కువగా వెనకాడతాం. కానీ దత్తత మధ్యలో తెగిపోయిన సందర్భాలను పరిశీలించిన అధ్యయనాల్లో తరచుగా కనిపించే కారణాలు బిడ్డ ఎక్కువ వయసులో రావడం, ప్రవర్తనలో తీవ్రమైన ఇబ్బందులు ఉండడం. శారీరక వైకల్యం ఆ జాబితాలో ఎక్కడో వెనక ఉంటుంది. వీల్‌చైర్ కావాలని ముందే తెలిసి బిడ్డను తెచ్చుకున్నవాళ్లు గుమ్మం దగ్గర వాలుబాట కట్టించుకుని సిద్ధంగా ఉంటారు. ఆరోగ్యంగా ఉందని తెచ్చుకున్న బిడ్డ రాత్రుళ్లు గోడకు తల బాదుకుంటుంటే దానికి ఎవరూ సిద్ధంగా ఉండరు.

అందుకే జబ్బు పేరు కన్నా ఆ జబ్బుతో గడిచే వారం ఎలా ఉంటుందో తెలుసుకోవడం మేలు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసేమియా జబ్బు తీవ్రంగా ఉంటే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుము పోవడానికి విడిగా మందులు వాడాలి. వెన్నుపూస పూర్తిగా మూసుకోకుండా పుట్టిన బిడ్డకు చాలాసార్లు మూడు నాలుగు గంటలకోసారి గొట్టంతో మూత్రం తీయాల్సి వస్తుంది. బడిలో ఆ పని ఎవరు చేస్తారో ముందే ఆలోచించుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్న బిడ్డకు రోజూ మాత్రలు వేస్తే మామూలుగానే పెరుగుతుంది. ఒకే కంచంలో తిన్నా, ముద్దాడినా ఎవరికీ అంటదు. కానీ ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదన్న తలనొప్పి మాత్రలకన్నా పెద్దది. ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండడం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె సమస్య ఉంటుంది, థైరాయిడ్ పరీక్షలు జీవితాంతం చేయిస్తుండాలి. అమెరికాలో 1983 ప్రాంతంలో వీళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లు. ఇప్పుడు 60 దాకా వచ్చింది. ఇది మంచి వార్తే. 45 ఏళ్ల వయసులో దత్తత తీసుకునేవాళ్లు మాత్రం తమ తర్వాత ఎవరన్న సంగతి కూడా ఫైలు చూసేరోజే మాట్లాడుకోవాలి.

ఇవన్నీ విన్నాక ‘మా వల్ల కాదు’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. దరఖాస్తులో ఏ ఏ పరిస్థితులకు ఒప్పుకుంటారో టిక్ పెట్టమనే పేజీ ఒకటి ఉంటుంది. ఆ పేజీ దగ్గర కొందరు కాదంటే పాపం అనుకుని టిక్కులు పెడతారు. ఇంకొందరు ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం క్యూ పెద్దదని, ఇటు నుంచైతే త్వరగా వస్తుందని పెడతారు. రెండో రకం ఆలోచన ప్రమాదకరం. క్యూ తగ్గడం కోసం తెచ్చుకున్న బిడ్డకు థెరపీ ఏళ్ల తరబడి సాగితే, ఆ ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంటికి వచ్చిన మొదటి వారాల్లోనే చాలామంది తల్లిదండ్రులు తెలియక ఒక పొరపాటు చేస్తారు. బిడ్డ దిగగానే పరీక్షలు, ఆపరేషన్ తేదీ, నాలుగు రకాల థెరపీ. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే కొన్ని నెలలు ఆగమని చాలామంది దత్తత వైద్యులు చెబుతారు. నొప్పి పుట్టినప్పుడు ఎవరి మెడ పట్టుకోవాలో బిడ్డకు ముందు తెలియాలి కదా. ఆ కొన్నాళ్లు తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం తల్లిదండ్రులే చేయాలి. చుట్టాలకు ఇది నచ్చదు. ‘ఎంత మంచి బిడ్డ, ఎవరెత్తుకున్నా వచ్చేస్తుంది’ అని మురిసిపోతారు. అలా అందరి దగ్గరకూ వెళ్లిపోవడం కలుపుగోలుతనం కాదని, ఇంకా ఎవరూ తనవాళ్లు కాలేదనడానికి గుర్తని వాళ్లకు నచ్చజెప్పడం ఓ పెద్ద పని.

ఇక పొగడ్తలు. ‘మీరు దేవుళ్లండీ’ అంటారు, బిడ్డ వింటుండగానే. ఆ మాటతో బిడ్డ నెత్తిన తీరని అప్పు పడుతుంది. దేవుళ్లయిపోయినవాళ్లకు అలసిపోయామని చెప్పుకునే వీలూ పోతుంది. కన్నతల్లికి కాన్పు తర్వాత దిగులు వచ్చినట్టే దత్తత తల్లిదండ్రులకూ వస్తుంది. కానీ కోరి తెచ్చుకుని ఏడుస్తున్నారేమిటని అంటారేమోనన్న భయంతో బయటపడరు. వాళ్లకు పొగడ్త అక్కర్లేదు, వారానికి రెండు గంటలు బిడ్డను చూసుకోగలిగే, గొట్టం మార్చడం తెలిసిన మనిషి కావాలి. ప్రభుత్వం వైపు నుంచి కావాల్సింది కూడా అలాంటిదే. అమెరికాలో 1980 చట్టం రాకముందు బిడ్డ పెంపుడు కుటుంబంలో ఉన్నంతకాలం కేంద్ర ప్రభుత్వ సాయం అందేది, అదే కుటుంబం దత్తత తీసుకుంటే ఆగిపోయేది. ఆ చట్టం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు దత్తత తర్వాత కూడా సాయం, వైద్య ఖర్చులు అందేలా చేసింది. దత్తత ఉత్తర్వుతో జబ్బు మాయమైపోదని చట్టానికి అర్థం కావడానికి అన్నేళ్లు పట్టింది!

ఇంకో ప్రశ్న దాటవేయడం న్యాయం కాదు. ఆ సాయమేదో కన్నవాళ్లకే ముందు అంది ఉంటే? ఆపరేషన్ చేయించే స్తోమత లేకో, ఇలాంటి బిడ్డను ఎలా పెంచాలో చెప్పే దిక్కు లేకో వదులుకున్నవాళ్లు ఎందరో. వైకల్యం కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 23వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. ముందు కన్నవాళ్లు, తర్వాత దగ్గరి బంధువులు, వాళ్లూ చూడలేనప్పుడే కొత్త కుటుంబం. దత్తతను సమర్థించే నాలాంటివాళ్లకు ఈ వరస కాస్త ఇబ్బందిగా ఉన్నా, ఇదే సరైనది. కాకపోతే ఈ వరస తేల్చడానికి నాలుగేళ్లు తీసుకుని, ఆ నాలుగేళ్లూ బిడ్డను ఆశ్రమంలో ఉంచడం మాత్రం ఏ ఒడంబడికా అడగలేదు.

దేశాల మధ్య జరిగే దత్తతల మీద 1993లో కుదిరిన హేగ్ ఒప్పందం 16వ అధికరణం ప్రకారం బిడ్డ గురించి తయారుచేసే రిపోర్టులో తన ఆరోగ్య చరిత్ర, తన కుటుంబ ఆరోగ్య చరిత్ర, ప్రత్యేక అవసరాలు అన్నీ ఉండాలి. 30వ అధికరణం ఇంకో మాట చెబుతుంది. ఆ సమాచారాన్ని భద్రంగా దాచాలి, చట్టం ఒప్పుకున్న మేరకు ఆ బిడ్డకు అందుబాటులో ఉంచాలి. అంటే ఆ నాలుగైదు పేజీలు చదివేది టెన్షన్‌లో ఉన్న దంపతులు ఒక్కరే కాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక కుర్రాడో అమ్మాయో వచ్చి ఆ ఫైలు అడుగుతారు. బరువు ఎంతో, తల చుట్టుకొలత ఎంతో చదివి పేజీ తిప్పేస్తారు. రాత్రి ఏడిస్తే ఎవరు ఎత్తుకునేవారు, ఏ ఆయా కనిపిస్తే నవ్వేది, ఏ పక్కకు తిరిగి నిద్రపోయేది అని వెతుకుతారు. రిపోర్టు రాసేవాళ్లకు ఆ మూడు వాక్యాలు రాయడానికి పది నిమిషాలు చాలు.