నీలి రిబ్బన్ కట్టుకున్న కవరుగారికి

మహారాజశ్రీ సర్టిఫైడ్ ఈమెయిల్ గారి సముఖానికి, రిబ్బన్ లేని ఉత్త కవర్లందరి నమస్కారాలు.

2006లో అమెరికాలో తమరు వేంచేసిన వైభవం మాకింకా గుర్తుంది. గుడ్‌మెయిల్ అనే సంస్థ తమరిని కన్నది; ఈమెయిల్ సేవలు నడిపే ఏఓఎల్, యాహూ గుమ్మాలు తెరిచాయి. ఉత్తరానికి పావు సెంటు నుంచి ఒక సెంటు దాకా పంపేవాడు కడితే తమరి తలకు నీలి రిబ్బన్, లోపల గుప్తలిపి టోకెను. టోకెను సరిపోలిందా, స్పామ్‌ను, అంటే అడగని చెత్త ఉత్తరాలను, ఆపే వడపోత దగ్గర ఆగే పనే లేదు. ముక్కూమొహం తెలియని ఉత్త కవరొస్తే బొమ్మలు మూసి, లింకులు చచ్చుబరిచి చూపించే ఏఓఎల్, తమరికి మాత్రం అన్నీ వెలిగించి ఇన్‌బాక్సులో పీట వేసేది. వచ్చిన సొమ్ములో గుమ్మం కాసేవాడికీ వాటా ఉండేదనుకోండి, అది వేరే సంగతి. కాదు, అసలు సంగతి అదే. దానికే వస్తాం.

ముందు లెక్క. పది లక్షల ఉత్తరాలు పంపే బ్యాంకుకు తమరి ఖరీదు 2,500 నుంచి 10,000 డాలర్లు. మరి పది లక్షలు పంపే స్పామరుకు? సున్నా. వాడు తమరిని కొననే కొనడు. వైరస్ పట్టిన ఎవరి కంప్యూటరులోంచో పంపుతాడు; కరెంటు బిల్లు కూడా వాడిది కాదు. డబ్బుకు బదులు ఉత్తరానికో లెక్క చేయించి కంప్యూటరు చేత చెమటోడ్పిద్దామని సింథియా డ్వర్క్, మోనీ నావోర్ అనే కంప్యూటరు శాస్త్రవేత్తలు 1992లోనే ప్రతిపాదించారు. తెలివైన ఆలోచనే, కాని అక్కడా చెమట పట్టేది పరాయి కంప్యూటరుకే. పక్కదారికి టోలు గేటు పెట్టినంత మాత్రాన పెద్దదారిలో బురద తగ్గుతుందా?

తమరిలోనూ ఒక మంచి ఉంది, ఒప్పుకుంటాం. పంపేవాడి పూర్వాపరాలు చూసేవారు, ఫిర్యాదులు పెరిగితే రిబ్బన్ పీకేసేవారు. మందు అదే. ఉత్తరానికింత అనే ధర మాత్రం మందు కాదు, సీసా మీది బంగారు మూత.

ఇక వాటా సంగతి. వడపోత ఎప్పుడూ తప్పులు చేస్తుంది; మంచి ఉత్తరాన్ని స్పాములో పడేస్తుంది. ఆ తప్పు దిద్దడానికి మనుషులు కావాలి, సమయం కావాలి. తప్పు దిద్దకపోతే ఏమవుతుంది? విసిగిన పంపేవాడొచ్చి తమరిని కొంటాడు. వడపోత ఎంత మొండికేస్తే తమరికంత గిరాకీ. ఇంటర్నెట్ హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, రాజకీయ ప్రచారాలు నడిపే మూవ్‌ఆన్ లాంటి సంస్థలు ఆనాడు గోల పెట్టింది ఇందుకే. ఆ ఉద్యమానికి డియర్ ఏఓఎల్ డాట్ కామ్ అని ఒక సైటు కూడా పెట్టారు. ఏప్రిల్ 2006లో ఆ చిరునామా రాసిన ఉత్తరాలు ఏఓఎల్ వాళ్లకు చేరకుండా వెనక్కొచ్చాయి. సాఫ్ట్‌వేర్ లోపమని ఏఓఎల్ సంజాయిషీ ఇచ్చింది. లోపమే అయుండొచ్చు, దాని సమయజ్ఞానానికి మాత్రం జోహార్లు.

తమరు అమ్మిన గుర్తింపు ఇప్పుడు డీఎన్ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ పేర్ల చిట్టాలో, నాలుగు లైన్లు రాసుకుంటే ఉచితం. ఎస్‌పీఎఫ్, ఫలానా సర్వర్లే మా తరఫున పంపుతాయని చెబుతుంది. డీకిమ్, ఉత్తరం మీద సంతకం చేస్తుంది. డీమార్క్, పాఠకుడికి కనిపించే ఫ్రమ్ చిరునామాతో ఆ రెండింట్లో ఒక్కటైనా పొసగిందో లేదో చూస్తుంది. వీటికీ జబ్బులున్నాయి. ఉత్తరాన్ని ఫార్వార్డ్ చేస్తే పంపే సర్వరు మారి ఎస్‌పీఎఫ్ తప్పుతుంది. దారిలో ఎవరైనా సబ్జెక్టు ముందు ఒక ముక్క తగిలించినా, అడుగున రెండు లైన్లు అతికించినా డీకిమ్ సంతకం చెల్లదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇంకొకటుంది: న్యూస్‌లెటర్ కంపెనీ చెప్పిందని, వాళ్ల సర్వర్ల జాబితానూ కలుపుకొమ్మనే ఒక ఇన్‌క్లూడ్ ఎస్‌పీఎఫ్‌లో, బిల్లింగ్ వాడు చెప్పాడని ఇంకొకటి, అలా చేర్చుకుంటూ పోతారు. ఒక్కో ఇన్‌క్లూడ్ కడుపులో మరో మూడుంటాయి. ఎస్‌పీఎఫ్ పరీక్షలో డీఎన్ఎస్ వెతుకులాటలకు హద్దు పది. పదకొండోది రాగానే శాశ్వత దోషం. నిన్నటిదాకా వెళ్లిన ఇన్వాయిసు ఈ రోజు స్పాములో తేలుతుంది. పదో పరకో డాలర్లు కట్టినా ఇది నయం కాదు, వాడని ఇన్‌క్లూడులు తీసేస్తే నయమవుతుంది.

అన్నట్టు, స్పామరు కూడా కొత్త డొమైను, అంటే ఇంటర్నెట్ పేరు, కొని ఈ మూడూ పాసవుతాడు. పేరు తెలిసినంత మాత్రాన బుద్ధి తెలియదు కదా. అందుకే 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఇంకో మెలిక పెట్టాయి. జీమెయిల్‌కు రోజుకు అయిదు వేలు దాటి పంపేవాడు ఈ మూడూ పెట్టుకోవాలి, ప్రచార ఉత్తరాలకు ఒక్క నొక్కుతో వదిలించుకునే బటన్ ఇవ్వాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలి. అంటే వెయ్యి ఉత్తరాలకు మూడు మొట్టికాయలు పడ్డాయంటే కథ కంచికే.

2011లో గుడ్‌మెయిల్ దుకాణం మూసేసింది, తమరూ కన్నుమూశారు. కాని వంశం నిలిచింది లెండి. 2023లో జీమెయిల్ పంపేవాడి పేరు పక్కన నీలి టిక్కు తెచ్చింది. రిజిస్టరు చేసిన ట్రేడ్‌మార్కు, గట్టిగా అమలయ్యే డీమార్క్, ఆ పైన డబ్బు పెట్టి కొన్న సర్టిఫికెట్టు ఉంటేనే అది వెలుగుతుంది. రంగు తాతగారిదే, ఖర్చూ తాతగారిదే. ఒక్క దొడ్డిదారి మాత్రం వారసత్వంగా రాలేదు: టిక్కున్నా వడపోతలోంచే నడవాలి. ఎప్పుడైనా ఆ టిక్కుగారు స్పామ్ ఫోల్డరులో మా పక్కనే కూర్చోవాల్సి వస్తే, కాస్త జరిగి చోటిస్తాం.

ఇట్లు,
రుసుము చెల్లించని,
ఉత్త కవరు