వీణకి ఆరు తీగలు చాలవా ఏంటి?

ముందే చెప్తున్నా, నేను బడ్జెట్ కోతకి వ్యతిరేకిని కాదు. కాలేజీల్లో సంగీతం, డాన్సు, పెయింటింగ్ డిపార్ట్‌మెంట్లకి ఇంకా కరెంటు ఎందుకు ఇస్తున్నారా అన్నదే నా బాధ. త్యాగరాజస్వామికి ఫ్యాన్ ఉందా ట్యూబ్‌లైట్ ఉందా?

మాకు తెలిసిన ఒక కాలేజీలో (పేరొద్దులెండి, గ్రాంటు ఇంకా రావాలి) వీణకి సారణి తీగ తెగింది. వీణ మేడం కొత్త తీగకి ఇండెంట్ పెడితే మూడు కొటేషన్లు తెమ్మన్నారు, ఆ ఊళ్లో వీణ తీగ అమ్మే షాపు ఒక్కటి కూడా లేదు, అయినా రూల్ రూలే కదా, తిరిగి తిరిగి ఫైలు ఏడాదికి బయటికొచ్చింది. దాని మీద ఇలా రాసుంది: "వీణకు మొత్తం తీగలు ఏడు. ఆరు బాగున్నందున పరికరం 85 శాతానికి పైగా పనిచేయుచున్నట్లు భావించవచ్చును." రాసినాయనకి దండం పెట్టాలనిపించింది. ఆ తెగినదాని మీదే పాటంతా నడుస్తుందనీ, మిగిలిన ఆరిట్లో మూడు తాళానికేననీ అకౌంట్స్ సెక్షన్‌కి ఎందుకు చెప్పండి.

అసలు ఈ దుబారా అంతా విజయనగరంలో మొదలైంది. కోటలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, పాట నేర్చుకోవాలని ఉందన్నాడని విజయరామ గజపతిరాజు గారు 1919లో ఏకంగా సంగీత కాలేజీయే పెట్టేశారంటారు. లబ్ధిదారుడు ఒక్కడు! ప్రాజెక్టు రిపోర్టు (డీపీఆర్) లేదు, టెండర్ లేదు. ప్రిన్సిపాల్‌గా ఎవర్నయ్యా పెట్టారంటే హరికథలు చెప్పుకునే ఆదిభట్ల నారాయణదాసు గారిని. ఆయనేమో స్టూడెంట్‌గా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు విని, నువ్వు నేర్చుకునేదేంటి, నేర్పు అని మేష్టారి ఉద్యోగం ఇప్పించేశాడట. లెక్చరర్లకి పెట్టే నెట్ పరీక్ష లేదు, పీహెచ్‌డీ లేదు, ఇవాళ ఆడిట్ పడితే ఇద్దరికీ జీతం రికవరీయే.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. అక్కడ చదువుకున్న ఘంటసాల జోలె పట్టుకుని ఇంటింటికీ తిరిగి మధుకరం తెచ్చుకుని తిన్నాడు. అంటే మెస్ ఖర్చు సున్నా, ఔట్‌పుట్ ఘంటసాల. మన ఆర్థికశాఖ కళ్లకద్దుకోవాల్సిన మోడల్ అది, హాస్టల్ బిల్లులు ఆపేసేవాళ్లు తెలిసో తెలీకో ఆ దారిలోనే ఉన్నారు.

మళ్లీ మన తీగ తెగిన కాలేజీకొస్తే, డాన్సు హాల్లో ఇప్పుడు పాత ఆన్సర్ షీట్లు పడుకున్నాయి. పిల్లలు సైకిల్ షెడ్డులో, రేకుల కింద, స్టాండేసిన బళ్ల మధ్య అడుగులు వేసుకుంటున్నారు. రిపోర్టులో దాన్ని ఓపెన్ ఎయిర్ థియేటర్ అని రాశారు, గాలి మాత్రం బానే వస్తుంది లెండి. మృదంగం మేష్టారు గంటల లెక్కన వచ్చేవాడు, బిల్లు ఆర్నెల్లు ఆగేసరికి ఆయనా ఆగిపోయాడు.

ఇంతలో కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ టీమ్ వస్తోందన్నారు. వారం ముందు నించీ ప్రిన్సిపాల్ గారు రోజుకి రెండుసార్లు షెడ్డు దగ్గరికొచ్చి, ఒక ప్రార్థన, ఒక వీణ ఐటం, ఒక కూచిపూడి, మొత్తం పదిహేను నిమిషాల్లో అయిపోవాలమ్మా, గ్రాండ్‌గా ఉండాలి అని. పాపం మేడం సొంత డబ్బుతో తీగ తెప్పించుకుని బిగించారు. సాయంత్రం కల్చరల్స్ అదిరిపోయాయి, టీమ్ వాళ్లు లేచి మరీ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పదిన్నరకల్లా మేడంకి స్టోర్స్ నించి మెమో వచ్చింది. స్టాక్ రిజిస్టర్ ప్రకారం వీణకి ఉన్నవి ఆరు తీగలే, ఏడోది ఎక్కడిదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.